తోట అమ్మకండి, ముందు తమ్ముణ్ణి అడగండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. జీడి తోట ఉంది, పలాసలో జీడిపిక్కలు కొట్టించే చిన్న షెడ్డు ఉంది. నా తమ్ముడికి 33 ఏళ్ళు. ఇంజనీరింగ్ చదివి హైదరాబాదులో ఉద్యోగం చేసేవాడు. తొమ్మిదేళ్ళుగా ఓసీడీతో, అంటే వద్దన్నా వదలని భయాలతో చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బుతో బాధపడుతున్నాడు. తన చేతులకు జీడి నూనె అంటిందని, అది మా అబ్బాయి కళ్ళలో పడితే చూపు పోతుందని భయం. ఉద్యోగం వదిలి ఇంటికి వచ్చేశాడు. రోజుకు ఏడెనిమిది గంటలు స్నానాల గదిలోనే ఉంటాడు. మోచేతుల దాకా చర్మం పగిలి రక్తం వస్తుంది. కుళాయి ముట్టుకుంటే కడిగినదంతా మళ్ళీ మొదటికి వస్తుందని మా అమ్మే చెంబుతో నీళ్ళు పోస్తుంది. ముగ్గురు డాక్టర్లకు చూపించాం. ఫ్లూయాక్సెటిన్ 20 మిల్లీగ్రాములు రెండు నెలలు, ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు ఆరు వారాలు, సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములు నెల రోజులు వాడాడు. ఏదీ పని చేయలేదు. హోమం చేయించాం, తాయెత్తు కట్టించాం. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడని బంధువులు అంటున్నారు. ఈ మధ్య ఒక వీడియోలో మెదడుకు ఆపరేషన్ చేస్తే ఈ జబ్బు పూర్తిగా పోతుందని చూశాను. తిత్లీ తుఫానుకు కూలిపోయిన తోటను మళ్ళీ నాటి పెంచాం, ఇప్పుడిప్పుడే మంచి కాపు వస్తోంది. అందులో కొంత అమ్మి ఆపరేషన్ చేయిద్దామనుకుంటున్నాను. అమ్మ మాత్రం "మెదడు కోస్తే వాడు నా కొడుకుగా మిగులుతాడా" అని ఏడుస్తోంది. తమ్ముడికి చెబితే ఒప్పుకోడు. స్కానింగు అని చెప్పి తీసుకువెళ్ళి చేయించవచ్చా? "ఇలా ఎన్నాళ్ళు, పోతే బాగుండు" అని ఈ నెలలో రెండుసార్లు అన్నాడు.

సమాధానం: మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గరే మొదలుపెడతాను. "పోతే బాగుండు" అన్న మాటను విసుగులో అన్నదిగా తీసుకోకండి. ఈ రోజే, ఇంట్లో మరెవరూ లేని సమయం చూసి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలాగో కూడా ఆలోచించావా?" అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. ఇన్నాళ్ళూ ఒంటరిగా మోసిన బరువును ఇంకొకరు పట్టుకున్నట్టు ఉంటుంది. తోట ఉన్న ఇల్లు కనుక పురుగు మందుల డబ్బాలు ఉంటాయి. వాటిని ఇంట్లోంచి తీసేసి, తాళం వేసిన చోట పెట్టి, తాళం చెవి మీ దగ్గర ఉంచుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఫోను చేయవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఆయన "అవును, ఆలోచించాను" అంటే మాత్రం ఫోనుతో సరిపెట్టుకోకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మిగతాదంతా ఆ తర్వాత.

ఇక మీరు అడిగిన ఆపరేషన్ సంగతి. అది బూటకం కాదు. దేశదేశాల్లో పేరున్న ఆసుపత్రుల్లో, చాలా తక్కువమందికి, ఎంతో ఆలోచించి చేస్తారు. కానీ మీ తమ్ముడు ఇంకా ఆ గుమ్మం దాకా రాలేదని మీరు రాసిన మందుల వివరాలే చెబుతున్నాయి.

ఓసీడీకి వాడే మందులు చాలావరకు కుంగుబాటుకు వాడేవే. తేడా మోతాదులో, గడువులో ఉంది. ఓసీడీకి సాధారణంగా ఎక్కువ మోతాదు కావాలి. ఫ్లూయాక్సెటిన్ 60 నుంచి 80 మిల్లీగ్రాముల దాకా, సెర్ట్రలిన్ 200 దాకా, ఎస్సిటలోప్రామ్ 20 దాకా డాక్టరు మెల్లగా పెంచుకుంటూ వెళతారు. ఆ మోతాదుకు చేరాక కూడా ఫలితం తేల్చడానికి మొత్తం 10 నుంచి 12 వారాలు ఆగాలి. మీ తమ్ముడు 20 మిల్లీగ్రాములు రెండు నెలలు, 50 మిల్లీగ్రాములు ఒక నెల వాడి ఆపేశాడు. మూడు మందులు ఓడిపోయాయని మీరు రాశారు. నా లెక్కలో ఒక్క మందును కూడా సరిగ్గా ప్రయత్నించలేదు. ఇందులో మీ తప్పు లేదు. మొదటి రెండు వారాల్లో కడుపులో తిప్పడం, నిద్ర తేడా, కంగారు పెరగడం ఉంటాయని, తర్వాత చాలామందికి తగ్గుతాయని, గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుందని ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పవలసింది. ఆ పది నిమిషాలు దక్కకనే తొమ్మిదేళ్ళు గడిచిపోయాయేమో అనిపించి నాకు బాధ కలిగింది.

ఇవి కాక ఫ్లూవాక్సమిన్ అనే మందు ఉంది. క్లోమిప్రమిన్ అనే పాత మందు ఉంది. 1960ల నుంచి ఓసీడీకి వాడుతున్నారు, ఇప్పటికీ గట్టి మందే, కాకపోతే మొదలుపెట్టే ముందు ఈసీజీ తీయించాలి. ఇవి చాలకపోతే అరిపిప్రజోల్ లేదా రిస్పెరిడోన్‌ను చిన్న మోతాదులో జోడిస్తారు. ఇవేవీ మీ ఉత్తరంలో లేవు. ఇది చదివి మీరే మాత్రలు పెంచేయకండి, ఉన్నట్టుండి ఆపేయకండి కూడా. ఇంకొక మాట. మీది ఉద్దానం. కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఏ కొత్త మందు మొదలుపెట్టినా ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించి, ఆ కాగితం డాక్టరుకు చూపించండి.

మందులకన్నా పెద్ద లోటు ఇంకొకటి కనిపిస్తోంది. తొమ్మిదేళ్ళలో ఎవరైనా మీ తమ్ముడి ఎదుట కూర్చుని, భయపడే వస్తువును ముట్టించి, కడుక్కోకుండా ఆపి, ఆ కంగారు దానంతట అదే ఎలా దిగుతుందో చూపించారా? చూపించి ఉంటే మీరు రాసేవారు. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ పద్ధతిలో ఇద్దరు రోగులకు చేసిన చికిత్స గురించి ప్రచురించారు. అప్పటిదాకా ఓసీడీ దాదాపు కుదరని జబ్బు అనుకునేవారు. ఇప్పుడు దీన్ని ఈఆర్‌పీ అంటారు. భయానికి ఎదురు నిలబడడం, ఆ భయం చేయించే పనిని చేయకుండా ఉండడం, ఈ రెండూ కలిపి.

మీ ఇంటి ఉదాహరణతోనే చెబుతాను. జీడిపిక్క పైతొక్కులో ఉండే నూనె నిజంగానే చర్మాన్ని కాల్చేస్తుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకు ఆముదమో బూడిదో రాసుకుని కూర్చునేది అందుకే. అంటే మీ తమ్ముడి భయానికి మూలంలో ఒక నిజం ఉంది. ఓసీడీ చాలాసార్లు అలాగే పట్టుకుంటుంది. ఒక నిజాన్ని తీసుకుని దానికి ఉన్న గట్టు తెంచేస్తుంది. షెడ్డులో పచ్చి పిక్కకు ఉన్న ప్రమాదం షెడ్డు నుంచి వచ్చిన మనిషి చొక్కాకు, ఆ చొక్కా తగిలిన కుర్చీకి, ఆ కుర్చీ ఉన్న గదికి పాకిపోతుంది. ఏ బిడ్డను కాపాడాలనుకున్నాడో ఆ బిడ్డనే ఎత్తుకోలేని స్థితికి తెచ్చింది. మీ అబ్బాయి అంటే ప్రాణం కనుకనే భయం అక్కడ పట్టింది. ఇది చాదస్తం కాదు, మొండితనం కాదు.

ఈఆర్‌పీలో పచ్చి పిక్కలు పట్టుకోమని ఎవరూ చెప్పరు. మొదట దుకాణంలో అమ్మే జీడిపప్పు పొట్లం బల్ల మీద ఉంటే ఎదురుగా కూర్చోవడం. తర్వాత పొట్లం ముట్టుకోవడం. తర్వాత విప్పి ఒక పప్పు తిని, చేతులు కడుక్కోకుండా అరగంట ఉండడం. తర్వాత మీరు విప్పిన చొక్కా మడత పెట్టడం. ఏది ఎంత భయమో ఆయనే వందకు మార్కులు వేసుకుంటాడు, తక్కువ మార్కుల దానితో మొదలుపెడతారు. కంగారు పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది. కడుక్కోకుండా ఉంటే కొంతసేపటికి దిగుతుంది. కొన్నిసార్లు అనుకున్నంతగా దిగకపోవచ్చు కూడా. అయినా కంగారు ఉండగానే బతకగలనని, అనుకున్న ఘోరం జరగలేదని మెదడుకు అనుభవంలో తెలుస్తుంది. వాదించి చెబితే తెలియదు. మీరు వాదించి చూసే ఉంటారు.

ఇక్కడ అమ్మగారి గురించి ఒక మాట చెప్పాలి. కొంచెం నొప్పి కలిగించే మాట, క్షమించమనండి. ఆమె పోసే ప్రతి చెంబూ కొడుకు మీద ప్రేమతో పోసేదే, కానీ ఆ నీళ్ళు జబ్బుకే అందుతున్నాయి. "షెడ్డు నుంచి వచ్చి చేతులు కడిగావా అన్నయ్యా" అని తమ్ముడు అడిగినప్పుడల్లా మీరు "కడిగాను" అని ఊరడిస్తూ ఉంటే అదీ అంతే. ఆ ఊరట కాసేపు ఉండి, మళ్ళీ అదే ప్రశ్న వస్తుంది. అలాగని రేపటి నుంచి నీళ్ళు కట్టేయకండి, తలుపు బాది బయటికి లాగకండి. చికిత్స మొదలయ్యాక, ఆయనతో కలిసి ఒప్పందం చేసుకుని, కొద్దికొద్దిగా తగ్గించాలి. ఇవాళ ఇరవై చెంబులైతే వచ్చే వారం పదిహేడు. ప్రశ్నకు "దీనికి జవాబు చెబితే నీ జబ్బుకు అన్నం పెట్టినట్టు అవుతుంది, చెప్పను, కానీ నీ పక్కనే కూర్చుంటాను" అనండి, నిజంగా కూర్చోండి.

ఇప్పుడు అమ్మగారి ప్రశ్నకు వస్తాను. మెదడు కోస్తే నా కొడుకు నా కొడుకుగా మిగులుతాడా? ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1935లో పోర్చుగల్‌లో ఈగాస్ మోనిజ్ అనే వైద్యుడు మెదడు ముందు భాగంలో తీగలాంటి నరాల పోగులను తెంచే ఆపరేషన్ మొదలుపెట్టారు. 1949లో దానికి నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్ దాన్ని లోబోటమీ అన్న పేరుతో ఊరూరా చేశారు. తర్వాత అధ్యక్షుడైన జాన్ కెనడీ సోదరి రోజ్‌మేరీకి 1941లో, 23 ఏళ్ళ వయసులో ఆ ఆపరేషన్ చేయించారు. చేయించింది తండ్రి. ఆమె నడక, మాట పోయాయి. 2005లో చనిపోయేదాకా ఇతరుల సంరక్షణలోనే బతికింది. కూతురు బాగుపడాలనే ఆ తండ్రి కూడా అనుకున్నాడు. తల్లికి కూడా ముందుగా చెప్పలేదంటారు. మీరు "స్కానింగు అని చెప్పి" అని రాసిన చోట నాకు ఆ అమ్మాయే గుర్తుకువచ్చింది.

ఇప్పటి పద్ధతులు అవి కావు. స్వీడన్‌కు చెందిన లార్స్ లెక్సెల్ అనే న్యూరోసర్జన్ తలకు లోహపు చట్రం బిగించి, మెదడులో కావలసిన బిందువును మిల్లీమీటర్ల లెక్కలో గుర్తించే సాధనాన్ని 1949లో ప్రకటించారు. ఆయనే గామా నైఫ్‌ను రూపొందించారు. దానితో మొదటి చికిత్స 1968లో జరిగింది. పేరులో నైఫ్ ఉన్నా అందులో కత్తి లేదు, పుర్రె తెరవరు. సుమారు 200 సన్నని కోబాల్ట్ కిరణాలను ఒకే బిందువు మీద కలిపి, అక్కడి కొన్ని మిల్లీమీటర్ల కణజాలాన్ని నిర్వీర్యం చేస్తారు. ఒక్కొక్క కిరణం దారిలో ఉన్న మెదడుకు హాని చేయనంత బలహీనంగా ఉంటుంది. అన్నీ కలిసిన చోటే పని చేస్తుంది.

ఏ బిందువు? మన నుదుటి వెనుక, కళ్ళకు పైన ఉన్న మెదడు భాగం "ఏదో తేడాగా ఉంది, చూసుకో" అని హెచ్చరిస్తుంది. లోపల ఇంకొక భాగం ఆ హెచ్చరికలను వడకడుతుంది. పని పూర్తయ్యాక "చాలు" అన్న కబురు రావాలి. ఓసీడీలో ఈ వలయం కాలువకు షట్టరు ఇరుక్కుపోయినట్టు తెరుచుకునే ఉంటుంది. చేతులు శుభ్రంగా ఉన్నాయని కంటికి కనిపిస్తుంది, "చాలు" అన్న కబురు మాత్రం రాదు. క్యాప్సులోటమీ అనే చికిత్సలో ఆ వలయంలోని పోగులు వెళ్ళే దారిలో కొంతభాగాన్ని తెంచుతారు. సింగులోటమీలో ఆ దగ్గరే ఇంకొక చోట చేస్తారు. మూడవది డీబీఎస్. గుండెకు పేస్‌మేకర్ పెట్టినట్టు, మెదడులోకి సన్నని తీగలు దించి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ అమర్చి, ఆ వలయాన్ని విద్యుత్తుతో సరిదిద్దుతారు. ఓసీడీకి దీన్ని మొదటగా బెల్జియంలోని ల్యూవెన్ వైద్యులు 1999లో ప్రకటించారు. 2009లో అమెరికాలో మందులకు, వైద్య సాధనాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, వేరే దారి లేని తీవ్ర రోగులకు పరిమితంగా అనుమతించింది. డీబీఎస్‌ను కావాలంటే ఆపేయవచ్చు. తెంచిన పోగులను తిరిగి అతికించలేరు.

ఫలితాల మాటకొస్తే, మీరు చూసిన వీడియోకూ నిజానికీ చాలా దూరం ఉంది. జాగ్రత్తగా ఎంపిక చేసిన రోగుల్లో ఇంచుమించు సగం మందికి, కొన్నిచోట్ల అంతకన్నా కొంచెం ఎక్కువమందికి మేలు జరుగుతోంది. మేలు అంటే ఏమిటో కూడా తెలుసుకోండి. ఓసీడీ తీవ్రతను యేల్-బ్రౌన్ కొలమానంలో 40 మార్కులకు కొలుస్తారు. 32, ఆ పైన ఉంటే అత్యంత తీవ్రం. ఆ మార్కులు 35 శాతం తగ్గితే వైద్యులు "ఫలితం వచ్చింది" అని రాసుకుంటారు. అంటే 36 ఉన్న మనిషి 23కి దిగినా అది విజయమే. 23 అంటే ఇంకా మధ్యస్థమైన జబ్బు ఉన్నట్టే. స్నానాల గదిలో ఎనిమిది గంటలు గడిపేవాడికి ఆ తగ్గుదల కొత్త బతుకే, దాన్ని తక్కువ చేయను. కానీ "పూర్తిగా పోతుంది" అన్న మాట చెప్పి తోట అమ్మిస్తే అది మోసం. పైగా మేలు ఆ రోజే కనిపించదు. గామా నైఫ్ తర్వాత నెలలు పడుతుంది, ఏడాది కూడా పట్టవచ్చు. మందులు కొనసాగుతాయి, ఈఆర్‌పీ మళ్ళీ చేయాలి. డీబీఎస్ అయితే కరెంటు మోతాదు సరిచూపించుకోవడానికి మాటిమాటికి వెళ్ళాలి, కొన్నేళ్ళకు బ్యాటరీ మార్చాలి. ఖర్చు ఒక్కసారితో అయిపోయేది కాదు, అసలే లక్షల్లో వ్యవహారం.

నష్టాలూ ఉన్నాయి. పోగులు తెంచిన వారిలో కొందరికి చొరవ తగ్గి నిస్తేజంగా ఉండడం, బరువు పెరగడం, అలసట కనిపించాయి. కిరణాల తర్వాత అరుదుగా వాపు, నీటి తిత్తులు రావచ్చు. డీబీఎస్‌లో కొద్దిమందికి మెదడులో రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, కొందరికి ఉన్నట్టుండి అతి ఉత్సాహం. తెలివి, జ్ఞాపకం చాలామందిలో చెక్కుచెదరడం లేదు. కనుక అమ్మగారికి నా జవాబు ఇది. ఇప్పటి ఆపరేషన్ తర్వాత మీ కొడుకు మీ కొడుకుగానే మిగిలే అవకాశం చాలా ఎక్కువ. కానీ ప్రమాదం సున్నా అని నేను చెప్పను, ఎవరైనా చెబితే నమ్మకండి.

స్కానింగు అని చెప్పి తీసుకువెళ్ళవచ్చా అన్న ప్రశ్నకు వద్దు అన్నది నా మాట, కుదరదు అన్నది చట్టం మాట. 2018 మే నుంచి అమలులో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 96వ సెక్షన్ ప్రకారం, మానసిక జబ్బుకు మెదడు ఆపరేషన్ చేయాలంటే రోగి తానే అన్నీ తెలుసుకుని సమ్మతించాలి, దానితోపాటు మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు అనుమతి ఇవ్వాలి. అన్న సంతకం చాలదు, తల్లి సంతకం చాలదు. ఈ రెండూ అడగకుండా "తీసుకురండి, చేసేద్దాం" అనే చోటు ఎంత పెద్ద భవనంలో ఉన్నా అక్కడి నుంచి వచ్చేయండి. చట్టం సంగతి అటుంచినా, ఒక్కసారి మీ తమ్ముడి వైపు నుంచి చూడండి. తన చేతులను తానే నమ్మలేని మనిషి ఆయన. ఆయన నమ్మేది మీ ఇద్దరినే. ఆ నమ్మకం పోగొట్టుకుని ఏ చికిత్స చేయించినా ఆయన చేత ఈఆర్‌పీ ఎవరు చేయిస్తారు?

అయితే ఏం చేయాలి? శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి మానసిక విభాగంలోనో, విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనో ముందు చూపించండి. ఇప్పటిదాకా వాడిన మందు, మోతాదు, ఎన్ని వారాలు, ఎందుకు ఆపారు, అన్నీ ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. ఈఆర్‌పీ చేసే క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారా అని నోరు తెరిచి అడగండి. దగ్గరలో దొరకకపోతే, లేదా ఆరునెలల సరైన వైద్యం తర్వాత కూడా కదలిక లేకపోతే, బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వెళ్ళండి. అక్కడ ఓసీడీకే ప్రత్యేక క్లినిక్ ఉంది, అవసరమైతే చేర్చుకుని చికిత్స చేస్తారు. పలాస మీదుగానే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ వెళుతుంది. రెండు టికెట్ల ఖర్చుతో తేలే సంగతికి ఇప్పుడే తోట బేరం పెట్టకండి. తిత్లీ తర్వాత ఆ మొక్కలను ఎన్ని బిందెలు మోసి బతికించి ఉంటారో ఊహించగలను. ఆరోగ్య బీమా ఉంటే ఆ కాగితాలు కూడా వెంట ఉంచుకోండి. శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని ఇదే చట్టం చెబుతోంది.

రెండు మూడు మందులు పూర్తి మోతాదులో, క్లోమిప్రమిన్, జోడింపు మందులు, నిజమైన ఈఆర్‌పీ, ఇవన్నీ అయ్యాక కూడా మీ తమ్ముడు ఆ గదిలోనే ఉంటే, అప్పుడు ఆపరేషన్ గురించి నాకు మళ్ళీ రాయండి. అప్పుడు నేనే "ఆలోచించండి" అంటాను. పెళ్ళి మాట మాత్రం ఎవరు ఎత్తినా ఆపేయండి. చెంబు పట్టుకునే చేయి అమ్మది నుంచి ఆ అమ్మాయిది అవుతుంది, అంతే.

ఈ జవాబును మీరు చదివి వినిపించకండి. కాగితాన్ని తమ్ముడి చేతికే ఇవ్వండి. కింది నాలుగు మాటలు ఆయనకు.

తమ్ముడూ, మీ గురించి మీ అన్నయ్య రాశారు. మిమ్మల్ని అడగకుండా ఏదీ చేయవద్దని ఆయనకు చెప్పాను, పైన ఉంది, చూడండి. ఈ కాగితం షెడ్డు నుంచి వచ్చిన మీ అన్నయ్య చేతుల మీదుగా మీ దగ్గరికి వచ్చింది. చదివాక చేతులు కడుక్కోవాలని గట్టిగా అనిపిస్తుందని తెలుసు. వీలైతే ఒక్క ఐదు నిమిషాలు గడియారం చూసి ఆగండి. ఆగలేకపోతే వెళ్ళి కడుక్కోండి, మీరు ఓడిపోయినట్టు కాదు. ఎన్ని నిమిషాలు ఆగగలిగారో ఒక చిన్న ఉత్తరంలో నాకు రాయండి. ఒక్క నిమిషమైనా సరే, రాయండి.